పిల్లల ఆరోగ్యం మీద పరిశోధనలో మా ఇద్దరు పిల్లలు: నా అనుభవం

ఫిబ్రవరి మొదట్లో మా పాప బడి నుంచి ఒక కవరు తెచ్చింది. నెలల పిల్లల నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల వరకు ఎలా ఎదుగుతున్నారు, ఏం తింటున్నారు, ఎంత నిద్రపోతున్నారు, ఎంత ఆడుతున్నారు, ఫోన్ ఎంత చూస్తున్నారు అని ఏళ్ల తరబడి గమనించే పరిశోధన మొదలుపెడుతున్నారట, లాటరీ తీసినట్టు తీసిన పేర్లలో మా పాప పేరు వచ్చిందట, ఇంట్లో రెండేళ్ల లోపు బిడ్డ ఉంటే ఆ బిడ్డనూ చేర్చుకుంటారట. పాపకి పన్నెండు నిండాయి, బాబుకి అప్పుడు ఆరో నెల. ఇద్దరినీ చేర్చాం. ఇప్పుడు సెప్టెంబరు, మొదటి విడత అయిపోయింది. చేరేముందు నేను చాలా వెతికాను, కరపత్రాలు దొరికాయి గానీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లొచ్చిన అమ్మానాన్నలు రాసింది మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఆ కవరు ముందు పెట్టుకుని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట వచ్చిన భయం అందరికీ వచ్చేదే. పిల్లల మీద ఏదైనా మందు ప్రయోగిస్తారా? ఫోన్ చేసి ముందు అదే అడిగాను. మందులు, టీకాలు ఏవీ ఇవ్వరు, కొలుస్తారు, అడుగుతారు, రాసుకుంటారు, అంతే. ఇంకో రకం పరిశోధనల్లో మందులు పరీక్షిస్తారు, వాటి కథ వేరు, కాబట్టి మీకు వచ్చిన కవరు ఏ రకానిదో ముందు కనుక్కోండి. పరిశోధనలో చేరేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే నైతిక పరిశీలన సంఘం ఆమోదం ఉందా అని అడిగితే ఆ కాగితం వెంటనే పంపించారు. అడిగినందుకు ఏమీ అనుకోలేదు, పైగా సంతోషించారు.

మార్చి మధ్యలో అంగీకార పత్రం కోసం పిలిచారు. ఒక సంతకం పెట్టి వచ్చేస్తాం అనుకుని వెళితే గంట దాటిపోయింది. ఎందుకంటే అది ఒక సంతకం కాదు, వరసగా గడులు. కొలతలకి ఒప్పుకుంటారా, రక్తం తీయడానికి ఒప్పుకుంటారా, మిగిలిన రక్తాన్ని భవిష్యత్తు పరీక్షల కోసం దాచుకోవచ్చా, జన్యు పరీక్షలు చేయవచ్చా, బడిలో హాజరు వివరాలు తీసుకోవచ్చా, పేరు తీసేసి వేరే పరిశోధకులకి ఈ వివరాలు ఇవ్వవచ్చా. ఒక్కోదానికీ విడిగా అవును, కాదు. కొన్నిటికి కాదన్నా పరిశోధనలో ఉండొచ్చని నాకు అంతవరకు తెలియదు. రక్తం దాచుకోవడం దగ్గర మా ఆయన ఆగిపోయారు. దాచిన రక్తం ఎక్కడ ఉంటుంది, ఎన్నేళ్లు ఉంటుంది, తర్వాత వద్దంటే పారేస్తారా అని అడిగారు. వద్దంటే మిగిలిన నమూనా పారేస్తారు, కానీ అప్పటికే లెక్కల్లో కలిసిపోయిన వివరాలని వెనక్కి తీయలేరు అని చెప్పారు. ఆ మాట దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. మేం జన్యు పరీక్షలకి కాదు అని పెట్టాం, మిగతావి అవును.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. పాపకి వేరే కాగితం ఇచ్చారు, చిన్న వాక్యాల్లో, తనకి అర్థమయ్యేలా. మమ్మల్ని బయట కూర్చోమని తనతో విడిగా మాట్లాడారు. మేం ఒప్పుకున్నా పాప వద్దంటే తనని తీసుకోరట. బాబు తరఫున మేం చెప్పగలం గానీ పన్నెండేళ్ల పిల్ల తరఫున మేం మాత్రమే చెప్తే చాలదు. బయటికి వచ్చాక పాప చెప్పింది, తను వాళ్లని ఒక్కటే ప్రశ్న అడిగిందట: "మధ్యలో మానేస్తే అమ్మ మీద ఏమైనా పడుతుందా?" ఏమీ పడదు, కారణం కూడా చెప్పక్కర్లేదు అన్నారట. అప్పుడు సంతకం పెట్టింది. పేరు గుండ్రంగా రాసి కింద గీత గీసింది, దాన్ని సంతకం అనొచ్చా అని నన్ను తర్వాత అడిగింది. పద్దెనిమిది నిండాక తనని మళ్లీ అడుగుతారు, అప్పటి నుంచి మా సంతకంతో పనిలేదు.

వెళ్లిపోతుండగా, పాపతో మాట్లాడిన ఆవిడ మా ఇద్దరినీ కూర్చోబెట్టి మెల్లగా ఇంకో మాట చెప్పారు. "పాప ఇచ్చే జవాబులు మీకు చూపించం. మీరు అడిగినా చూపించం. తన ప్రాణానికి గానీ వేరేవాళ్ల ప్రాణానికి గానీ ప్రమాదం అనిపిస్తే, ఎవరైనా తనని బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం చెప్పాల్సినవాళ్లకి చెప్తాం, అది కూడా ముందు పాపకి చెప్పాకే." నేను తలూపాను. ఇంటికొచ్చాక మాత్రం గుండెలో ఏదో పట్టేసినట్టయింది. నా కూతురి గురించి నాకు తెలియనివి ఎవరికో తెలుస్తాయి, కాగితం మీద ఉంటాయి, నేను చూడకూడదు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. మా ఆయనతో మానేద్దామా అని కూడా అన్నాను. ఆయన "మానాలంటే పాప మానాలి, మనం కాదు కదా" అన్నారు.

కొలతల రోజు కోసం దాదాపు నెలన్నర ఆగాల్సి వచ్చింది. రక్తపోటు కొలిచే మనిషి సెలవులో ఉన్నారని ఒకసారి వాయిదా కూడా పడింది, ఆ సంగతి ముందురోజు సాయంత్రం చెప్పారు, అప్పటికే నేను ఆఫీసులో సెలవు పెట్టేశాను. ప్రయాణ ఖర్చులు వాళ్లు ఇస్తారు, పోయిన జీతం ఇవ్వరు. ఇది ఎక్కడా రాసి ఉండదు, మీరే లెక్క వేసుకోవాలి. ఒక పూట అంటారు గానీ రోజంతా అనుకోండి.

మే మొదటి వారంలో వెళ్లాం. పాపకి రాత్రి నుంచి ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. బాబుకి ఆ నియమం లేదు. రక్తం తీసే చోట మొద్దుబారే క్రీమ్ రాస్తారు, అది పనిచేయడానికి గంటసేపు పడుతుంది, కాబట్టి వెళ్లగానే అడగండి. మేం వెళ్లగానే అడిగాం, ముందు అది రాసి ఆ గంటలో మిగతా కొలతలు చేశారు. పక్కన ఇంకో అబ్బాయి వాళ్లమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ల వంతు వచ్చేసరికి క్రీమ్‌కి సమయం లేదు, ఆ పిల్లాడు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

బాబు కొలతలే నాకు బాగా గుర్తు. తొమ్మిదో నెల దాటుతోంది, ఎవరు ముట్టుకున్నా ఏడిచే వయసు. డైపరు కూడా తీసేయాలి. బరువు తూచడానికి వాడిని ఒంటరిగా పడుకోబెడతారనుకున్నాను, అలా కాదు, ముందు నన్ను త్రాసు మీద నిలబెట్టారు, అంకెని సున్నా చేశారు, తర్వాత బాబుని నా చేతికిచ్చారు. అప్పుడు తెర మీద వచ్చింది వాడి ఒక్కడి బరువే. నా దగ్గరే ఉన్నాడు కాబట్టి ఏడవలేదు. పొడవు దగ్గర మాత్రం పెద్ద యుద్ధమే అయింది. రెండేళ్లు నిండేదాకా నిలబెట్టి కాకుండా పడుకోబెట్టే కొలుస్తారు, ఎందుకంటే పడుకుంటే వచ్చే పొడవు నిలబడితే వచ్చే ఎత్తు కంటే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది, రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఒక చెక్క పలక, తల వైపు కదలని అడ్డు, కాళ్ల వైపు జరిగే అడ్డు. ఒకావిడ తల వెనక కూర్చుని రెండు అరచేతులతో వాడి చెవుల దగ్గర పట్టుకుని చూపు తిన్నగా పైకి ఉండేలా ఆపారు. రెండో ఆవిడ మోకాళ్ల మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో పలకని పాదాలకి తగిలేదాకా జరిపారు. అంకె చదివి పక్కన రాశారు. తర్వాత మొదటి అంకె చూడకుండా వేరేవాళ్లు మళ్లీ కొలిచారు. రెండిటికీ తేడా 7 మిల్లీమీటర్లు దాటితే మళ్లీ మొదటి నుంచి. మాకు దాటింది, వాడు కాలు ముడిచేశాడు. ఇంకోసారి కొలిచేటప్పుడు నన్ను వంగి వాడి ముఖం మీద నా ముఖం పెట్టి మాట్లాడమన్నారు, అప్పుడు ఆగాడు. ఇంత జాగ్రత్త అవసరమా అని అప్పుడు విసుగొచ్చింది. కానీ కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిచి ఎంత పెరిగాడో చెప్పాలంటే ఇప్పటి అంకె సరిగ్గా ఉండాలి కదా.

బాబు హీమోగ్లోబిన్ వేలి చివర గుచ్చి ఒక్క చుక్కతో చూశారు. పాపకి చేతి నరం నుంచి. క్రీమ్ పనిచేసింది, తను తల తిప్పుకుని ఉండగానే అయిపోయింది.

ఈడేరడం గురించి కూడా ఉంటుంది, ఆడపిల్లల తల్లులు ఇది ముందే తెలుసుకోవాలి. ఎవరూ బట్టలు విప్పమనరు, మాకైతే అనలేదు. ఐదు దశల బొమ్మలున్న కాగితం ఇస్తారు, వాటిని టానర్ దశలు అంటారు, పాప ఒంటరిగా గదిలో కూర్చుని తనకి దగ్గరగా ఉన్న బొమ్మ పక్కన టిక్ పెట్టి కవర్లో వేసి తనే అంటించాలి. వద్దనుకుంటే ఖాళీ కవరు అంటించొచ్చు. బయట నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకలాగే ఉంటాయి. మా పాప ఏం చేసిందో నాకు తెలియదు, అడగలేదు. కానీ ముందురోజు రాత్రి ఇలాంటి బొమ్మలు ఉంటాయని నేను చెప్పి ఉంచాను కాబట్టి గది లోపలికి వెళ్లేటప్పుడు బెదరలేదు.

తిండి గురించిన ప్రశ్నలు ఎంతసేపైనా తెగవు. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం తిన్నావు, ముందు గబగబా అన్నీ చెప్పమంటారు, తర్వాత మళ్లీ మొదటికి వచ్చి మర్చిపోయినవి అడుగుతారు, తర్వాత వేళలు, తర్వాత ఎంత అన్నది గిన్నెల బొమ్మలు చూపించి అడుగుతారు. పాప చెప్తుంటే నేను మధ్యలో అందించబోయాను, ఆవిడ చెయ్యెత్తి ఆపి, వంటలో నూనె ఎంత వేశారన్నది మాత్రం నన్ను అడిగారు. బాబు గురించి కూడా నిన్నటి పగలూ రాత్రీ ఒక్కటే అడిగారు. మామూలుగా ఏం పెడతారు అని అడిగితే తల్లులందరం పెట్టాలనుకునేవన్నీ చెప్పేస్తామట, నిన్న అంటే మాత్రం పెట్టినవే గుర్తొస్తాయి. ఎనిమిది రకాల జాబితా ఒకటి ఉంటుంది, తల్లిపాలు కూడా అందులో ఒకటి, ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలకి వాటిలో కనీసం ఐదు రకాలు నిన్న అందాయా అని చూస్తారు. ఇంటికొచ్చాక ఆ జాబితా నా మనసులో ఉండిపోయింది, ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను.

చివర్లో నాకు ఒక కాగితం ఇచ్చారు. పిల్లల గురించే అనుకున్నాను, తీరా చూస్తే నా గురించి. పది ప్రశ్నలు, గత వారం రోజుల్లో నవ్వగలిగానా, కారణం లేకుండా నన్ను నేను నిందించుకున్నానా, నిద్ర పట్టనంత దిగులుగా ఉందా, ఇలాంటివి. కాన్పు అయిన తల్లులకి ఇస్తారట. పాలు తాగుతూ బాబు ఒళ్లో నిద్రపోయాడు, నేను ఒక చేత్తో పెన్ను పట్టుకుని నిజమే రాశాను. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు. రాసిన కాగితం మడిచి ఇస్తుంటే, ఇది మా ఆయన చూడరు కదా అని నా నోటి నుంచే వచ్చింది. అప్పుడు నాకు పాప సంగతి అర్థమైంది. మార్చి నుంచి నన్ను తొలిచేస్తున్న విషయం ఆ ఒక్క నిమిషంలో తేలికపడింది. పాపకి కూడా ఇలా మడిచి ఇవ్వడానికి ఒక కాగితం ఉండాలి కదా. కాసేపటికి ఒక నర్సు వచ్చి పక్కన కూర్చుని, మీరు ఎవరితోనైనా మాట్లాడితే మంచిదమ్మా అని, ఎక్కడికి వెళ్లొచ్చో రాసిచ్చింది. జూన్ నుంచి వెళ్తున్నాను.

పాప తన ప్రశ్నలకి టాబ్లెట్‌లో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని జవాబిచ్చింది. ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, వేలితో నొక్కాలి, గదిలో ఎవరికీ ఏమీ వినపడదు. తన ప్రవర్తన గురించి పాతిక వాక్యాలున్న ప్రశ్నాపత్రం మాత్రం నాకూ ఇచ్చారు, వాళ్ల టీచర్‌కీ పంపారు, తనూ నింపింది. గత ఆరు నెలల్లో ఈ వాక్యం ఎంతవరకు నిజం అని మూడు గడులు. ఒకే పిల్ల గురించి ముగ్గురు మూడు రకాలుగా రాయడం మామూలే, అందుకే ముగ్గుర్నీ అడుగుతారట.

ఇంటికి వచ్చేటప్పుడు పాప చేతికి వాచీ లాంటిది కట్టారు. కదలికలు నమోదు చేసే పరికరం, అంకెలు కనపడవు, తెర లేదు, టైమ్ కూడా చూపించదు. ఎన్ని అడుగులు వేశానో చూద్దామనుకున్న పాపకి నిరాశే. చూపిస్తే పిల్లలు కావాలని ఎక్కువ నడుస్తారు కాబట్టి చూపించరు. వారం రోజులు, నిద్రలో కూడా తీయకూడదు. ఎప్పుడు తీశావు, ఎందుకు తీశావు, ఎప్పుడు పడుకున్నావు, ఎప్పుడు లేచావు అని పక్కన ఒక డైరీ. పట్టీ కింద చెమట పట్టి దురద పెట్టింది, కింద మెత్తటి గుడ్డ పెట్టుకోవచ్చని ఫోన్ చేస్తే చెప్పారు. ఆటల పీరియడ్‌లో బడివాళ్లు చేతికి ఏదీ ఉండకూడదని తీయించేశారు, పాప ఎక్కువ కదిలేది ఆ పీరియడ్‌లోనే! తిరిగిచ్చాక రెండు వారాలకి ఫోన్ వచ్చింది, రోజుకి కనీసం పది గంటల చొప్పున నాలుగు రోజులైనా ఉండాలి, అందులో ఒకటి సెలవురోజు అయి ఉండాలి, మీకు సెలవురోజు సరిపోలేదు, మళ్లీ కట్టుకోవాలి అని. పాపకి కోపం వచ్చింది. ఈసారి బడికి ఒక చీటీ రాసివ్వమని మేమే అడిగి తీసుకున్నాం. మీరు మొదటిసారే అడగండి.

డైరీ రాయడం వల్ల ఒకటి జరిగింది. ఆ వయసు పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలంటారు. పాప డైరీలో ఎనిమిది దాటిన రాత్రులు తక్కువ. నేను ఏమీ అనలేదు. తనే తన రాత చూసుకుని, ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు సాగింది, పరీక్షలప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

ఇక అసలు టెన్షన్. కొలతల రోజు తర్వాత వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. పాప హీమోగ్లోబిన్ 11.2 ఉంది, ఈ వయసుకి 12 కంటే తగ్గకూడదు, ఒకసారి డాక్టర్‌కి చూపించండి, ఉత్తరం పంపుతున్నాం అన్నారు. నా కాళ్లలో సత్తువ పోయింది. పాప ఈమధ్య మెట్లు ఎక్కితే ఆయాసపడుతోందని, చదువు ఒత్తిడి అనుకుంటూ ఉన్నాం. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. పరిశోధన చేసేవాళ్లు వైద్యం చేయరు. ఉత్తరం ఇస్తారు, అక్కడితో వాళ్ల పని అయిపోతుంది. మేం వెళ్లిన డాక్టర్ ఆ ఉత్తరం చూసి, పరిశోధన కోసం చేసిన పరీక్ష మీద మందు రాయను, మళ్లీ చేయించండి అన్నారు. మళ్లీ సూది, మళ్లీ ఖర్చు, ఈసారి క్రీమ్ లేదు. దాదాపు అదే అంకె వచ్చింది. నెలసరి మొదలయ్యాక ఈ వయసు ఆడపిల్లల్లో ఐరన్ తగ్గడం చాలామందిలో చూస్తామని చెప్పి మాత్రలు రాశారు. ఇంకా వాడుతోంది, ఆయాసం తగ్గింది.

మిగతా నివేదిక ఆగస్టులో వచ్చింది, అంటే కొలిచిన మూడు నెలలకి. ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. ఎత్తు, బరువు, రక్తపోటు, హీమోగ్లోబిన్, అంతే. తిండి గురించి, నిద్ర గురించి, పాతిక వాక్యాల గురించి ఏమీ ఉండదు. అవి వేలమంది పిల్లల లెక్కల్లో కలుస్తాయి గానీ మన బిడ్డ గురించి తీర్పుగా రావు. బాబు పొడవు దగ్గర 25వ పర్సంటైల్ అని ఉంది. నూటికి పాతిక మార్కులు వచ్చినట్టు అనిపించి ఆ పూటంతా మనసు బాలేదు. ఫోన్ చేసి అడిగితే వివరంగా చెప్పారు. వాడి వయసు మగపిల్లలు వందమందిని పొడవు ప్రకారం నిలబెడితే వాడికంటే పొట్టివాళ్లు పాతికమంది ఉంటారని దానర్థం, అది మామూలే, చూడాల్సింది ఎదుగుదల పటంలో ఆ పర్సంటైల్ గీత వెంట పెరుగుతున్నాడా, కిందికి జారుతున్నాడా అని. ఆ గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసినవి, బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో సుమారు 8,500 మంది పిల్లల్ని కొలిచి గీసినవి. వాళ్లనీ ఇలాగే ఎవరో తల దగ్గర, కాళ్ల దగ్గర పట్టుకుని, తేడా వస్తే మళ్లీ కొలిచి ఉంటారు. మా బాబు గీత పక్కన ఆ గీతలు చూస్తుంటే, ఆ పిల్లల తల్లులకి దండం పెట్టాలనిపించింది. వాళ్లు ఒక పూట జీతం వదులుకుని వెళ్లి ఉండకపోతే నా బిడ్డ సరిగ్గా పెరుగుతున్నాడో లేదో చెప్పడానికి గీతే లేదు.

మళ్లీ పిలుపు బాబుకి పద్దెనిమిది నెలలప్పుడు, పాపకి వచ్చే మేలో. వస్తావా అని పాపని అడిగాను. రక్తం ఒక్కటి వద్దు, మిగతావన్నీ సరే అంది. హీమోగ్లోబిన్ ఎలాగూ మా డాక్టర్ చూస్తున్నారు కదా అంది. ఆ మాట చెప్దామని వాళ్లకి ఫోన్ చేశాను. నేను చెప్పింది విన్నారు గానీ రాసుకోలేదు, పాపకి ఫోన్ ఇవ్వమన్నారు. తను పక్క గదిలోకి తీసుకెళ్లి మాట్లాడింది. మర్నాడు కొత్త కాగితం వచ్చింది, రక్తం గడిలో కాదు అని ఉంది, కింద సంతకం పెట్టాల్సిన చోట తన పేరు ఒక్కటే ఉంది.